ఊఁ కొట్టేవాళ్లేరీ?

మొన్న మా మనవడు బడి నుంచి ఒక కాగితం తెచ్చాడు. విజయవాడలో మూడో తరగతి చదువుతున్నాడు. ఆ కాగితం మీద ఒక కొంగ బొమ్మ, ఒక ఎండ్రకాయ బొమ్మ, పక్కన నాలుగు వాక్యాల్లో కథ. అడుగున ‘మోరల్’ అని రాసి ఎదురుగా ఒక గీత గీశారు. ఆ గీత మీద ఏం రాయాలో బడిలోనే చెప్పి పంపారు: చెడ్డవాళ్లతో స్నేహం చేయరాదు. వాడు రాశాడు, మార్కు వచ్చింది, కాగితం సంచిలోకి పోయింది.

“కొంగ ఆ చేపల్ని ఏమని నమ్మించిందిరా?” అని అడిగాను. తెలియదన్నాడు. కథ చదవలేదు. చదవాల్సిన పని పడలేదు, జవాబు ముందే చేతికిచ్చారు కాబట్టి.

నాకు ఒళ్లు మండింది. పసివాడి మీద కాదు. డెబ్భై ఏళ్లుగా నాతోపాటు నడుస్తున్న కథ అది. దాన్ని తీసుకెళ్లి గీత మీద రాసే మూడు మాటల కింద అణిచేశారు. గింజ పారేసి ఊక దాచుకోవడమంటే ఇదే.

మా రోజుల్లో కథ ఇలా ఉండేది కాదు. మాది ఉయ్యూరు పక్క పల్లెటూరు, కాలవ నీళ్లతో పండే ఊరు. ఎండాకాలం రాత్రుళ్లు వాకిట్లో నీళ్లు చల్లి నవారు మంచాలు వాల్చేవాళ్లు. అన్నాలు తిన్నాక ఆరేడుగురు పిల్లలం మా నాయనమ్మ మంచం చుట్టూ చేరేవాళ్లం. ఆవిడకి అక్షరమ్ముక్క రాదు. కథలు మాత్రం ఎన్ని వచ్చో లెక్క లేదు. కథ మొదలెట్టే ముందు ఆవిడ పెట్టే షరతు ఒక్కటే: ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టేవాడు లేనిదే కథ చెప్పకూడదనేది.

ఈ షరతు మా ఇంటిది మాత్రమే కాదు, తెలుగువాళ్లు కథ చెప్పుకునే ప్రతి ఇంటిదీ. ఊఁ అంటే మెలకువగా ఉన్నానని చెప్పడం ఒక్కటే కాదు. ఆశ్చర్యానికి ఒక ఊఁ, భయానికి ఒక ఊఁ, నమ్మకం కుదరనప్పుడు దీర్ఘం తీసిన ఇంకో ఊఁ ఉండేవి. ఆ తేడాలు పట్టి నాయనమ్మ కథ నడిపేది. మా గొంతులో భయం వినబడితే నక్కని కాస్త దూరం జరిపేది. నిద్ర వినబడితే పులిని దగ్గరికి తెచ్చేది. ఒకే కథ పదిసార్లు విన్నా ఏ రెండుసార్లూ ఒకేలా ఉండకపోవడానికి కారణం అదే. సగం కథ ఆవిడది, సగం మాది.

పైగా కథలో ఉన్న జంతువులన్నీ మా చుట్టూ తిరిగేవే. దమ్ము చేసే రోజుల్లో నాగలి వెనకాల కొంగలు బారులు తీరి నడిచేవి. నాగలి పోయి ట్రాక్టరు వచ్చినా ఇవాళ్టికీ అలాగే నడుస్తాయి. ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ ఎంతసేపు కదలకుండా ఉంటుందో పందెం కాసి చూసేవాళ్లం, అందుకని ‘కొంగ జపం’ అనే మాటకి అర్థం మాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. చేలగట్ల బొరియల్లో ఎండ్రకాయలుండేవి. వాటి కత్తెర కాళ్ల మధ్య వేలు ఇరుక్కుంటే ఎలా ఉంటుందో నా కుడిచేతి చూపుడు వేలుకి తెలుసు. చెరుకు తోటల్లోంచి రాత్రిపూట నక్కలు ఊళపెట్టేవి. వరి పొట్టకొచ్చే వేళకి ఎలకబుట్టలు పెట్టే మనిషి వచ్చేవాడు. పిల్లకాలవలో తాబేలు తల బయటపెడితే, అది నోరు తెరిచి మాట్లాడి ఆకాశంలోంచి పడ్డ తాబేలుకి చుట్టమేనని నమ్మేవాళ్లం. కథ ముగిసి తెల్లారి లేచి చూస్తే, అందులోని పాత్రలు చేలో మేత మేస్తూ కనబడేవి.

ఆ కొంగ కథ నాయనమ్మ ఎలా చెప్పేదో రాస్తాను.

ముసలి కొంగ. వేటాడే ఓపిక లేదు. చెరువు గట్టున నిలబడి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఏమైందని చేపలు అడిగాయి. “ఇంక పన్నెండేళ్లు వానలుండవని జ్యోతిష్యుడు చెప్పగా విన్నానర్రా, ఈ చెరువు ఎండిపోతుంది, మీరంతా ఏమైపోతారో అని నా బాధ” అంది. చేపలు హడలిపోయాయి. ఎలాగైనా గట్టెక్కించమని కాళ్లావేళ్లా పడ్డాయి. అప్పుడు కొంగ, ఇష్టం లేనట్టే మొహం పెట్టి, కొండవతల పెద్ద చెరువుందనీ, ఓపిక ఉన్నంతవరకూ రోజుకి కొందర్ని అక్కడికి చేరుస్తాననీ అంది.

ఇక్కడ నాయనమ్మ ఆగేది. “చూశారా, కొంగ రమ్మనలేదు. చేపలే అడిగాయి” అనేది.

రోజూ కొన్ని చేపల్ని ముక్కున కరుచుకుపోవడం, కొండ మీద ఒక బండ పైన తినేయడం, తిరిగొచ్చి “మీవాళ్లు అక్కడ సుఖంగా ఉన్నారు, మిమ్మల్ని అడిగామని చెప్పమన్నారు” అని కబుర్లు చెప్పడం. మిగిలిన చేపలు నేనంటే నేనని వరస కట్టాయి. ఒకనాడు ఎండ్రకాయ కూడా వస్తానంది. రోజూ చేపలు తిని మొహం మొత్తిన కొంగ సరేనంది. ఎండ్రకాయ దాని మెడ పట్టుకుని ఎక్కింది. కొండ దగ్గరికి వచ్చేసరికి కిందికి చూసింది. బండ మీద తెల్లగా ఎముకల కుప్ప. కత్తెర కాళ్లు బిగించింది.

అప్పుడు నాయనమ్మ చెప్పిన మాట ఇవాళ్టికీ నా చెవిలో ఉంది. “ఎండ్రకాయ మహా తెలివైందని అనుకోకండి. అదీ నమ్మింది, అదీ ఎక్కింది. కాకపోతే దారిలో కిందికి చూసింది.”

చెడ్డవాళ్లతో స్నేహం చేయరాదన్న వాక్యానికీ, దారిలో కిందికి చూడమన్న మాటకీ ఎంత దూరం ఉందో చూడండి. చెడ్డవాడు నేను చెడ్డవాణ్నని పలక కట్టుకు రాడు. కన్నీళ్లతో వస్తాడు, మన మేలు కోరి వస్తాడు, ముందు వెళ్లినవాళ్లు సుఖంగా ఉన్నారని కబురు తెస్తాడు. అంతా విని నమ్మేశాక కూడా కళ్లు మూసుకోకూడదని ఆ కథ చెప్తుంది. ఈ మాట గీత మీద పట్టదు, కథలోనే పడుతుంది.

కథ అయిపోయాక నాయనమ్మ నీతి చెప్పేది కాదు, ప్రశ్న వేసేది: మీరైతే ఎక్కడ కనిపెట్టేవాళ్లు? అక్కణ్నుంచి మా వాదులాట మొదలయ్యేది. కొంగ ఏడ్చినప్పుడే అనేవాడొకడు. కొంగ రోజురోజుకీ బలిసిపోతుంటే చేపలకి కనబడలేదా అని మా అక్క అడిగింది ఒకసారి. పెద్ద పుస్తకాలు చదివాక కూడా అంత గట్టి ప్రశ్న నాకు తట్టలేదు.

తెలుగు పిల్లలందరికీ తెలిసిన ఏడు చేపల కథ తీసుకోండి. మన కోస్తాలో ఎండు చేప వాసన తెలియని ఊరు లేదు, అందుకే ఆ కథ మనకి అంత సొంతం. ఎండని చేపని అడిగితే గడ్డిమోపు మీదికి తోస్తుంది. గడ్డిమోపు ఆవు మీదికి, ఆవు పాలేరు మీదికి, పాలేరు అన్నం పెట్టని అవ్వ మీదికి, అవ్వ ఏడ్చిన పిల్లవాడి మీదికి తోస్తారు. పిల్లవాడు చీమని చూపిస్తాడు. అందరిలోకీ చిన్న ప్రాణి చీమ. తప్పు ఇంకొకళ్ల మీదికి తోయకుండా, నా పుట్టలో వేలు పెడితే కుట్టనా అని సూటిగా జవాబు చెప్పింది అదొక్కటే. ఒక ఆఫీసులో ఒక కాగితం కోసం ఏడు బల్లల చుట్టూ తిరిగినవాళ్లకి ఆ కథ మళ్లీ గుర్తొస్తుంది. నాలుగేళ్ల వయసులో విన్నది నలభై ఏళ్లకి అర్థమవుతుంది.

పెద్ద తరగతుల్లోకి వచ్చాక తెలిసింది, ఊఁ కొట్టడమన్నది మా నాయనమ్మ పెట్టింది కాదని. పంచతంత్రం అల్లికే దాని మీద ఉంది. అమరశక్తి అనే రాజుకి చదువబ్బని కొడుకులు ముగ్గురు. వాళ్లని ఆరు నెలల్లో నీతిశాస్త్రం తెలిసినవాళ్లని చేస్తానని విష్ణుశర్మ మాట ఇస్తాడు. అప్పటికి ఆయనకి ఎనభై ఏళ్లు. సూత్రాలు వల్లె వేయించలేదు, కథలు చెప్పాడు. ఆ కథల్లో జంతువులే ఒకదానికొకటి కథలు చెప్పుకుంటాయి. ఒక నక్క, “అలా చేస్తే ఫలానా కోతికి పట్టిన గతే పడుతుంది” అంటుంది. రెండో నక్క “అదెలాగ?” అంటుంది. ఆ ‘అదెలాగ’ అన్నాకే కథ మొదలవుతుంది. మొత్తం గ్రంథమంతా ఆ ప్రశ్న మీదే నడుస్తుంది. అడిగేవాడు లేకపోతే పంచతంత్రమే లేదు.

ఆ అడిగే గుణంతోనే అది దేశాలు దాటింది. 6వ శతాబ్దంలో పారశీక రాజు అనూషిర్వాన్ కొలువులోని బుర్జో అనే వైద్యుడు దాన్ని పహ్లవీలోకి తీసుకుపోయాడు. 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా అరబ్బీలో రాశాడు. మన నక్కలు కరటక దమనకులు అక్కడ కలీలా, దిమ్నా అయ్యారు. అక్కణ్నుంచి హీబ్రూ, లాటిన్, యూరపు భాషలన్నీ తిరిగాయి ఆ నక్కలు. ఫ్రాన్సులో లా ఫొంటేన్ 1678లో తన రెండో కథల సంపుటి తెచ్చినప్పుడు భారతదేశపు జ్ఞానికి రుణపడ్డానని ముందుమాటలో ఒప్పుకున్నాడు. మన తెలుగులో 15వ శతాబ్దంలోనే దూబగుంట నారాయణకవి పంచతంత్రాన్ని పద్యకావ్యం చేశాడు. మద్రాసులో పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక అచ్చు వేయించాడు. ఆ పుస్తకంలో మిత్రలాభం కథ మొదలయ్యేది ఎక్కడో కాదు, గోదావరి ఒడ్డున బూరుగు చెట్టు మీద. పక్క నది ఒడ్డునే కదా అని మేం పొంగిపోయాం.

మా హైస్కూల్లో తెలుగు మాస్టారు మిత్రలాభం పాఠం చెప్పిన తీరు వేరు. సూరి గ్రాంథికం మాకు ఒక పట్టాన కొరుకుడు పడేది కాదు. ఆయన ఒక వాక్యం చదివి, దాన్ని మా ఊరి మాటలోకి దించి, మళ్లీ సూరి వాక్యం చదివేవారు. మూడోసారికి ఆ గ్రాంథికం మా నోట తిరిగేది. వలలో పడ్డ పావురాలు ఒక్కసారి ఎగిరి ఎలక దగ్గరికి చేరే ఘట్టానికి వచ్చినప్పుడు పుస్తకం మూసి, “ఇప్పుడు పావురాల రాజు చిత్రగ్రీవుడు ముందు ఎవరి తాళ్లు కొరకమన్నాడు?” అని అడిగారు. తనవి కాదు, తన పరివారానివి కొరకమన్నాడు ఎలకని. నాయకుడంటే ఎవరో నాకు ఆనాడు తెలిసింది. తర్వాత ఎన్నో ఎన్నికలు చూశాను. ప్రతిసారీ ఆ కొలతే పట్టుకుని కొలిచాను.

ఈ కథలు జిత్తులే నేర్పుతాయని అనేవాళ్లూ ఉన్నారు. అది సగం మాట. అనంతామాత్యుడు భోజరాజీయంలో చెప్పిన ఆవు పులి కథ మాకు పాఠంగా ఉండేది. దూడకి పాలిచ్చి తిరిగొస్తానని పులికి మాట ఇచ్చిన ఆవు, నిజంగానే తిరిగొచ్చింది. ఎందుకు రావాలని మేం మాస్టారితో గంటసేపు పోట్లాడాం. ఎవరి మాట నమ్మకూడదో కొంగ నేర్పింది. ఇచ్చిన మాట ఎందుకు నిలబెట్టుకోవాలో ఆవు నేర్పింది. రెండూ కలిస్తేనే మనిషి.

ఇంట్లో నాయనమ్మ, బడిలో మాస్టారు, మధ్యలో చందమామ. 1947 జులైలో మద్రాసులో పుట్టిన పత్రికే అయినా అది మా డెల్టా బిడ్డ అనే నేను అనుకుంటాను. నాగిరెడ్డి గారితో కలిసి దాన్ని మొదలుపెట్టిన చక్రపాణి గారిది తెనాలి. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని దిద్ది తీర్చిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే. ఆ పత్రిక భాష పాల మీగడలా ఉండేది, పిల్లవాడికి ఎక్కడా అడ్డు తగలదు. బేతాళ కథ ఎక్కడ ఆగుతుందో గుర్తు చేసుకోండి. శవంలోంచి బేతాళుడు ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. నెలనెలా లక్షల ఇళ్లలో పిల్లలు ఆ ప్రశ్న దగ్గర ఆగి, విక్రమార్కుడికంటే ముందే జవాబు చెప్పాలని తంటాలు పడేవాళ్లు. మా ఊరి గ్రంథాలయానికి చందమామ వచ్చిన రోజు, ముందు ఎవరికి దొరికితే వాళ్లు బయట అరుగు మీద కూచుని పైకి చదవాలి, మిగిలినవాళ్లు వినాలి. అచ్చులో వచ్చినా ఊఁ కొట్టడం పోలేదు.

ఇప్పుడు ఏమైంది? కథలు కరువయ్యాయా అంటే కాలేదు. వేలెడంత పిల్లకి కూడా ఫోనులో పంచతంత్రం దొరుకుతుంది. రంగురంగుల బొమ్మలు, పాటలు. ఒక బొమ్మ కథలో మొసలి కోతిని క్షమాపణ అడిగి, ఇద్దరూ నేరేడు పళ్లు పంచుకుని తిన్నారు. గుండెకాయ కావాలన్న మాట కూడా తీసేశారు. పిల్లలు భయపడతారట. నేరేడు చెట్టు మీద గుండె మరిచిపోయి వచ్చానన్న మాటే లేకపోతే ఆ కథలో కోతి ఎందుకు, మొసలి ఎందుకు? మేమూ భయపడ్డాం. భయమేసినప్పుడు నాయనమ్మ చీర చెంగు పట్టుకున్నాం. భయం ఎలా ఉంటుందో, దాన్ని దాటి ఎలా బయటపడాలో నేర్చుకోవడానికి ఒడి కంటే మంచి చోటు పిల్లలకి ఎక్కడ దొరుకుతుంది? ఒడి తీసేశారు, కాబట్టి భయం కూడా తీసేయాల్సి వచ్చింది.

ఫోనుకి ఊఁ అక్కర్లేదు. పిల్లవాడు వింటున్నా, నిద్రపోయినా, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని గుటక వేయడం మరిచిపోయినా అది చెప్పుకుపోతూనే ఉంటుంది. ఒక కథ అయ్యీ అవ్వకముందే ఇంకోటి అందుకుంటుంది. మధ్యలో ఆగి నువ్వైతే ఏం చేసేవాడివని అడగదు. అడగనిచోట ఆలోచన పుట్టదు.

ఇది పసిపిల్లల సంగతే కదా అనుకోకండి. మా పిన్ని కొడుకు ఒకడు, నాకంటే ఆరేళ్లు చిన్న, అదే మంచం చుట్టూ పెరిగినవాడు. రిటైరయ్యాక వచ్చిన డబ్బు ఒకచోట పెట్టాడు. నూటికి నెలకి మూడు రూపాయల వడ్డీ అన్నారు, ముందు చేరినవాళ్లు ఎంత సంతోషంగా ఉన్నారో చెప్పారు. మొదట్లో వడ్డీ బాగానే వచ్చింది. ఒక నెల పది రోజులు ఆలస్యమైంది, తర్వాతి నెల ఇరవై రోజులు. వాడు నాకు ఫోను చేసి ఒకే మాట అన్నాడు: “అన్నయ్యా, ఎముకలు కనబడుతున్నాయి.” మరునాడే వెళ్లి కూచుని, దెబ్బలాడి, అసలు వెనక్కి తెచ్చుకున్నాడు. వాడి సొంత కొడుకు, పెద్ద చదువులు చదివినవాడు, ఇంకో ఆరు నెలలు ఆగి మొత్తం పోగొట్టుకున్నాడు. తండ్రి అన్న మాట వాడికి అర్థం కాలేదు. ఏం ఎముకలు అని అడిగాడట. ఆ కథ వాడికి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు డిజిటల్ అరెస్టు అని ఒకటి వచ్చింది. వీడియో కాల్లో ఖాకీ బట్టలు, వెనకాల పోలీసు స్టేషను బొమ్మ, మీ పేరు మీద కేసుంది, గదిలోంచి కదలొద్దు, ఎవరికీ చెప్పొద్దు అంటారు. చదువుకున్న పెద్దవాళ్లు కూడా పడిపోతున్నారు. నాకు ఆ కబురు వినగానే నీలి నక్క గుర్తొచ్చింది. నీలిమందు తొట్టిలో పడి రంగు మారిన నక్క, తనని బ్రహ్మదేవుడు పంపాడని చెప్పి అడవిని ఏలింది. దాన్ని పట్టించింది రంగు కాదు, ఊళ. మన దేశ చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. ఖాకీ ఎంత నీట్‌గా ఉన్నా సరే, ఫలానా ఖాతాకి డబ్బు పంపమన్న క్షణాన అది నక్క ఊళే. వెంటనే ఫోను పెట్టేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలి. ఈ సంగతి మా వీధిలో ముసలివాళ్లకి కరపత్రం ఇచ్చి చెబితే ఎవరికీ గుర్తుండలేదు. నీలి నక్క కథగా చెప్పాను. ఇప్పుడు ఒకళ్లనొకళ్లు “ఊళ వేసిందా?” అని అడుగుతున్నారు. జంతువుల కథ ఎందుకు చావదో తెలుసుకోవాలంటే ఇదొక్కటి చాలు. నీతి మరిచిపోతాం, నక్కని మరిచిపోం.

ఫోను మీద పడి ఏడవడం న్యాయం కాదని నాకూ తెలుసు. తాటాకు నుంచి అచ్చుకి, అచ్చు నుంచి రేడియోకి, అక్కణ్నుంచి తెర మీదికి ఆ నక్కలు ఎన్నిసార్లు ఇల్లు మారలేదు? మారిన ప్రతిసారీ బతికాయి. ఇన్ని వందల ఏళ్లలో ఎన్నడూ రానిది ఇప్పుడొచ్చింది: కథ పక్కన మనిషి కూచోవడం మానేశాడు. ఆ మనిషి ఎవరో కాదు, మా తరం. నాయనమ్మ మంచం దగ్గర కడుపునిండా తిని, మా పిల్లలకి వడ్డించకుండా లేచిపోయాం. ఉద్యోగాలన్నాం, ట్యూషన్లన్నాం, అపార్టుమెంట్లలో వాకిలి లేదన్నాం. కథకి వాకిలి అక్కర్లేదు, రెండు చెవులు చాలు. ఇది బాధతో ఒప్పుకుంటున్నాను.

అందుకే ఈ మే నెలలో మనవణ్ని ఊరికి తీసుకెళ్లాను. మా డెల్టాలో ఎండాకాలం కాలవలు కట్టేస్తారు. నీళ్లు తీసేశాక కాలవ అడుగున అక్కడక్కడా మడుగులు మిగులుతాయి. ఆ మడుగుల్లో చేపలు, వాటి చుట్టూ కొంగలు. సాయంత్రం గట్టు మీద కూచోబెట్టాను వాణ్ని. ఫోను ఇంట్లో వదిలి వచ్చాం. వాడు కాసేపు రాళ్లు విసిరాడు, కాసేపు విసుక్కున్నాడు. తర్వాత ఒంటికాలి మీద నిలబడ్డ కొంగని చూస్తూ అడిగాడు:

“తాతయ్యా, ఈ నీళ్లు ఎండిపోతాయని ఆ చేపలకి తెలుసా?”

“వాటికి ఎవరు చెప్పాలిరా?” అన్నాను.

వాడు కొంగ వంక చూశాడు, మడుగు వంక చూశాడు. బడి కాగితం మీద కొంగని వాడు ఇదివరకే చూశాడు, అయినా ఇది వేరే కొంగ. దీని కళ్లు కదులుతున్నాయి.

“అనగనగా ఒక ముసలి కొంగ” అని మొదలుపెట్టి ఆగాను. వాడు నా వంక చూశాడు. నేను ఇంకేమీ మాట్లాడలేదు. మా నాయనమ్మ ఎంతసేపు ఆగేదో అంతసేపూ ఆగాను.

“ఊఁ,” అన్నాడు వాడు.